అవ్వ నంబరు

రైలు మలుగూరు దాటిందో లేదో మనోహర్ ఫోను చేశాడు. "మాధవీ, కరెంటు పోయి వచ్చింది. మిషన్ ఆగిపోయి మళ్లీ దానంతటదే లేచింది. స్క్రీన్ బాగనే ఉండాది, నువ్వేం..." అంతే, సిగ్నల్ పోయింది. నువ్వేం భయపడొద్దు అనబోయాడో, నువ్వేం చేసిపోయినావు తల్లీ అనబోయాడో, ఆ మాట హిందూపురంలోనే ఉండిపోయింది. మాధవీలత ఫోనును ఒళ్లోని ల్యాప్‌టాప్ సంచి మీద బోర్లా పెట్టి కిటికీలోంచి బయటికి చూసింది. మల్బరీ తోటలు, వేరుశనగ చేలు, మధ్యమధ్య గుండ్లు పేర్చినట్టున్న గుట్టలు, అన్నీ తీరిగ్గా వెనక్కి పోతున్నాయి. ఏం కాదు, ఏమవుతుంది, మిషన్ లేచింది కదా అనుకుంది. లేచింది సరే, తానెవరో గుర్తుపెట్టుకుని లేచిందా? అది తెలిస్తే చాలు, ధర్మవరం దాకా హాయిగా నిద్రపోవచ్చు. తెలిసే దారి మాత్రం ఇప్పుడు లేదు. ఎదుటి సీటులో ఒకామె వేరుశనక్కాయలు ఒలిచి పొట్టు కొంగులో వేసుకుంటోంది, ఒలిచిన ప్రతి కాయనూ లోపల విత్తనం ఉందో లేదో చూసి మరీ నోట్లో వేసుకుంటోంది. మంచి పద్ధతి. తానూ పొద్దున అలాగే చూసి బయల్దేరింది. చూసింది కదా? చూసే ఉంటుంది, చూడకుండా ఎందుకు వస్తుంది, ఐదేళ్లు బెంగళూరులో చేసిన పనే ఇది, ఒక్కనాడూ చూడకుండా లేచింది లేదు.

పదకొండుకు వేలం. హిందూపురంలో పట్టు రైతులు పెట్టుకున్న చిన్న సంఘం, వాళ్లు బాడిగకు తీసుకున్న ఒక రేకుల షెడ్డు, అందులో ఈ పొద్దు మొదటిసారి నోటి పాట లేకుండా, మాధవీలత, మనోహర్ కలిసి పెట్టిన కంప్యూటరు మిషన్ మీద పట్టుగూళ్లు అమ్ముతారు. కొనేవాళ్లు ఫోనులో ధర కొడతారు. అందరికంటే పైన నిలిచిన ధర రైతు ఫోనుకు మెసేజీగా పోతుంది. ఒప్పుకుంటే ఒకటి కొట్టాలి, వద్దంటే రెండు. అరగంటలో ఏదీ కొట్టకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, సరుకు కొన్నవాడిది. ఈ ఆఖరి ముక్క కొనేవాళ్లు పట్టుబట్టి పెట్టించుకున్నారు, రైతులు మా అరచేతిలోనే ఫోనుంటే చూసుకోమా అని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు కాబట్టే ఇప్పుడు మాధవీలతకు భయం. మెసేజీ వాళ్లకు చేరకపోతే? అడగకుండానే వాళ్ల గూళ్లు అమ్ముడుపోతాయి. నెల్లాళ్లు రాత్రీ పగలూ పురుగులకు ఆకు వేసి పెంచిన పంట. వాళ్లు షెడ్డులో స్తంభాలకానుకుని ఫోను వంక చూస్తూ కూర్చునే ఉంటారు, పక్కన గంపలు ఎత్తుకుపోతుంటారు. ఆ తర్వాత ఆ షెడ్డులోకి ఆమె అడుగు పెట్టగలదా? సంఘం మాట వదిలెయ్, సొంతూరు రొద్దంలో నాయన ముఖం చూడగలదా?

ఇంతకీ ఆమె రాసిన ప్రోగ్రాం ఒకటే. అది ఎక్కడ నడుస్తోందో, ఎవరితో మాట్లాడుతోందో చెప్పే సంగతులు మాత్రం కోడ్‌లో ఉండవు, బయట వేరే ఫైళ్లలో ఉంటాయి. ఎంతసేపు ఆగాలి, మెసేజీ ఏ నంబరుకు పంపాలి, తూకం కిలోల్లోనా మరోరకంగానా, అన్నీ ఆ ఫైళ్లలోనే. ఊరు మారితే కోడ్ మారకూడదు, ఆ నాలుగు మాటలే మారాలి. ఒక్కో ఫైలూ ఒక ప్రొఫైల్. వాటికి బెంగళూరులో పెట్టే పేర్లు పెట్టడం ఇష్టం లేక తన పేర్లు పెట్టుకుంది. తన ల్యాప్‌టాప్‌లో ఆడుకునేది 'ఇల్లు'. సరిచూసుకునేది 'అవ్వ'. నిజంగా నడిచేది 'సంత'. మనోహర్ పగలబడి నవ్వాడు, ఎవరైనా చూస్తే మనకు పనిస్తారా అన్నాడు. ఇచ్చారు. ఇప్పుడు ధర్మవరంలో నూలు పంచేవాళ్లు కూడా రమ్మన్నారు, అందుకే ఈ రైలు. వాళ్లకు నాలుగో ప్రొఫైల్ రాత్రే రాసిపెట్టింది. అందులో అరగంట పనికిరాదు. నేసేవాళ్లు గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చుంటే చేతులు ఖాళీ ఉండవు, ఫోను గూట్లో మోగుతూనే ఉంటుంది. అందుకని సాయంత్రం దాకా ఆగుతుంది. ఒక్క అంకె మార్పు. దానికోసం ఆమె రెండుసార్లు ధర్మవరం పోయి మగ్గాల పక్కన నేలమీద కూర్చుని వచ్చింది, ఆ అంకె మీద ఆమెకు కొండంత నమ్మకం.

'అవ్వ'కు ఆ పేరు ఊరికే రాలేదు. సరిచూసేటప్పుడు మెసేజీలు నిజం రైతులకు పోకూడదు. బెంగళూరులో ఆమె పనిచేసిన కంపెనీలో ఒకడు ఇలాగే సరిచూస్తూ పంపిన సంతాప సందేశం వందలమంది ఇళ్లకు వాళ్ల పేరు మీదే పోయి, పాపం బతికున్నవాళ్లే ఫోను చేసి మేం బాగున్నామని చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకని ఆ ప్రొఫైల్లో ఒక వరుస ఉంటుంది: ఎవరికి పోవాల్సిన మెసేజీ అయినా సరే, ఈ ఒక్క నంబరుకే పంపు. ఆ నంబరు రొద్దంలో ఉన్న అవ్వ బుజ్జమ్మది. ఐదో తరగతి దాకా చదువుకుంది, కూడబలుక్కుని చదువుతుంది, ఆమెకు అర్థమైతే ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది. రెండు నెలలుగా దినమూ గంపెడు మెసేజీలు. అవ్వ భోంచేసి అరుగు మీద కూర్చుని, పక్కింటి చౌడక్కను పిలుచుకుని, అద్దాలు పెట్టుకుని, లేని రైతుల లేని గూళ్లకు వచ్చిన లేని ధరలను గట్టిగా చదివేది. చదివి ప్రతి ఒక్కదానికీ రెండు కొట్టేది. ఒక్కసారైనా ఒకటి కొట్టవ్వా, ఒప్పుకుంటే ఏమవుతుందో నేను చూసుకోవాల అంటే, "ఎందుకియ్యాల ఈ ధరకు? అగ్గువకు ఇయ్యమంటే నాకు చెయ్యాడదు" అనేది. ఆఖరికి ఒప్పుకునే దారి సరిచూడ్డానికి నాయనను బతిమాలుకోవాల్సి వచ్చింది.

రైలు చాకర్లపల్లిలో ఆగింది. క్రాసింగట. ఫోను తిప్పి చూసింది, గీతలు లేవు. మళ్లీ బోర్లా పెట్టింది. తలలో మాత్రం ఆ డిఫాల్ట్ గొడవ మొదలైంది. మిషన్‌కు నువ్వెవరో చెప్పకపోతే అదేమనుకోవాలి? మనోహర్ వాళ్ల నాయన కిరాణా అంగడి మిద్దె మీద, బెల్లం దిమ్మెల వాసనలో, ఇద్దరూ దాని మీద ఒక పూటంతా వాదించుకున్నారు. 'సంత' అనుకోవాల అన్నాడు మనోహర్, నిజంగా నడిచేది అదే కదా అని. 'అవ్వ' అనుకోవాల అంది ఆమె. తానెవరో తెలియంది ఏ పిచ్చిపని చేసినా ఇంట్లో చేయాల గానీ సంతలో చేయకూడదు. మాట నెగ్గింది ఆమెదే, అసలు మాట నెగ్గకుండా ఆ మిద్దె దిగిన రోజు ఆమెకు గుర్తు లేదు. ఇప్పటికీ అది సరైన మాటే. కానీ కరెంటు పోయి లేచిన మిషన్‌కు ఎవరూ ఏమీ చెప్పకపోయి ఉంటే అదిప్పుడు 'అవ్వ'. ఉన్నది ఒక్క మిషన్ కాబట్టి సరుకు పట్టిక అన్ని ప్రొఫైళ్లకూ ఒకటే పెట్టారు, అందుకే మనోహర్‌కు స్క్రీన్ బాగానే కనిపిస్తుంది, గంపలన్నీ పేర్లతో సహా ఉంటాయి. మెసేజీలు మాత్రం షెడ్డులోని వాళ్లకు పోవు. అన్నీ రొద్దంలో అరుగు మీదికి పోతాయి. సరిచూసేటప్పుడు అంతసేపు ఎవరు కూర్చుంటారని అందులో అరగంట కూడా పెట్టలేదు, రెండే నిమిషాలు. రెండు నిమిషాల్లో అవ్వ అద్దాలే వెతుక్కోలేదు. ఈలోగా అద్దాలు దొరికితే, చదివినదానికల్లా రెండు కొడుతుంది. సంతంతా ఒకవైపు, వద్దు వద్దంటూ బుజ్జమ్మ ఒక్కతే ఒకవైపు. మాధవీలతకు నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్లీ ఫోను తిప్పి చూసింది.

సరే, పొద్దున ఏం చేసింది? అటునుంచి రా. షెడ్డులోకి అడుగుపెట్టగానే గూళ్ల వాసన, పచ్చి పచ్చిగా, ముక్కుకు అలవాటైతే గానీ నిలవనివ్వని వాసన. గంపలు దించుతున్నారు. ఒకరు తెలుగులో అడిగితే ఒకరు కన్నడంలో చెబుతున్నారు, మడకశిర వైపు నుంచి వచ్చినవాళ్లు రెండూ కలిపి తిడుతున్నారు. తూకం దగ్గర రంగయ్య మామ, చెవి సందున పెన్సిలు. చౌడక్క కూడా ఉంది. తెల్లారుజామునే ఆటోలో వచ్చిందట, కొత్త చీర కట్టుకుని, గంపల మధ్య పెళ్లికొచ్చినదానిలా నిలబడి ఉంది. "నువ్వు రాసిందని వస్తి మాధవీ. ఇంటికొచ్చిన బేరగానికి ఇయ్యకుండా తెస్తి" అంది. ఆ మాటకు అప్పుడు సంతోషపడింది, ఇప్పుడు ఆ మాటే గుచ్చుతోంది. రంగయ్య మామ ఆమె పేరూ నంబరూ రాసుకుంటున్నాడు. నీ ఫోను నీళ్ల తొట్టిలో పడిందంటివే అక్కా, ఏ నంబరిస్తాండావు అని అడగబోయింది, అంతలో మనోహర్ పిలిచాడు, కొనేవాళ్లలో ఎవరికో పాస్‌వర్డు పడలేదని. అటు పోయింది. తర్వాత మిషన్ ముందు కూర్చుంది. కూర్చుని? మిషన్‌కు నువ్వు సంత అని చెప్పడానికి రెండు దారులు. తెర మీద నల్లటి కిటికీలో ఒక్క వరుస కొట్టి నోటిమాటగా చెప్పొచ్చు, అది మిషన్ పడుకునేదాకానే గుర్తుంటుంది. లేదా మిషన్ లేచినప్పుడల్లా మొదట చదివే ఫైల్లో రాసిపెట్టొచ్చు, అది కరెంటు పోయినా పోదు. ఆమె ముందు నోటిమాటగానే చెప్పింది, అది బాగా గుర్తుంది, అంతా సరిగ్గా నడుస్తోందా అని చూసుకోవడానికి. నడిచింది. ఆ తర్వాత ఫైల్లో రాసిందా, లేక రైలుకు టైమైందని లేచిందా?

రాసింది. రాసే ఉంటుంది. ఉంటుంది అనే మాట వేరుశనక్కాయలామె కూడా ఒప్పుకోదు, ఒలిచి చూపించాలి. కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే ఫైలు కనిపించలేదు, నాయన కనిపించాడు, కళ్లంలో వేరుశనక్కాయలు కొలుస్తూ. నాయన ఏది కొలిచినా ఒకటి అనడు. మొదటి కొలత ఎత్తగానే లాభం అంటాడు, తర్వాత రెండు, మూడు. చిన్నప్పుడు ఆమె గోనెసంచి మూతి పట్టుకుని నిలబడి తానూ లాభం అనేది. ఆ అలవాటు చదువుతో పోలేదు, బెంగళూరులో ఏసీ గదిలో కూడా పోలేదు. ఏ ఫైల్లోనైనా మొదటి వరుస రాసేటప్పుడు లోపల లాభం అనుకుంటుంది, ఎవరూ లేకపోతే పైకే అంటుంది. పొద్దున అంది. పైకే అంది. అన్నప్పుడు ఎవరో పలికారు. ఎవరు? వెనక నుంచి, తక్కెడ రాళ్లు పట్టుకుని పోతూ, రంగయ్య మామ. తూకం వేసేవాడు కదా, లాభం అని వినబడితే నోరూరుకోలేదు, "రెండు" అన్నాడు. ఆమె తల తిప్పి నవ్వి, మూడో వరుస రాస్తూ మూడు అంది. మూడు వరుసలు. నల్ల కిటికీలో నోటిమాటకు ఒక్క వరుస చాలు, రెండోదాని పనే లేదు. మూడు వరుసలు ఉండేది ఆ ఫైల్లోనే: నువ్వు ఎవరు, నీ సామాను ఎక్కడుంది, పడిపోతే మళ్లీ లే. మాధవీలత కళ్లు తెరిచింది. క్రాసింగ్ బండి గడగడలాడుతూ పక్కనుంచి పోయింది, వీళ్ల బండి కదిలింది. రాసింది. లేచిన మిషన్ సంతగానే లేచింది. ఇంక ఎవరు వచ్చి చెప్పినా ఆమె నమ్మదు. ఎదుటామె పిడికెడు కాయలు ఇస్తే తీసుకుంది, ఆకలి వేస్తున్నట్టు అప్పుడు తెలిసింది.

గుట్ట మలుపు తిరగగానే పెనుకొండ కొండ కనబడింది, దానితోపాటే సిగ్నల్ వచ్చింది. ఫోను ఒళ్లో గిలగిలా కొట్టుకుంది. మనోహర్ కాదు. అవ్వ. ఎత్తని కాల్స్ నాలుగు, నాలుగూ అవ్వవే. అవ్వ తనంతట తాను ఫోను చేయదు. చేస్తే ఎవరో పోవాలి, లేదా మెసేజీ రావాలి. టైము పదకొండు దాటి చాలాసేపైంది. నోట్లోని వేరుశనగ గింజ నోట్లోనే ఉండిపోయింది. మూడు వరుసలు, రంగయ్య మామ, లాభం, అన్నీ కలగన్నదా? నిన్నటి సంగతిని ఈ పొద్దుకు అతికించుకుందా? షెడ్డులో స్తంభం దగ్గర కొత్త చీరలో చౌడక్క. ఎత్తుకుపోతున్న గంపలు. వేలు మొదటిసారి వేరే పేరు మీద పడింది, రెండోసారి అవ్వ మీద పడింది. ఒక్క రింగుకే ఎత్తింది అవ్వ.

"ఎన్నితూర్లు చేయాల నీకు? యాడుండావు?"

"పెనుకొండలో ఉండా. అవ్వా, మెసేజీ వచ్చిందా?"

"వచ్చె."

రైలు ఆగింది. ఆగినట్టు ఆమెకు తెలియలేదు. దిగేవాళ్లు ఆమె మోకాళ్లు రాసుకుంటూ దిగుతున్నారు. నాలుగు నెలల పని, మిద్దె మీది గది, ధర్మవరం, అన్నీ ఆ ఒక్క మాటకే పోయినట్టనిపించింది. ఐనా ఆమె లోపల ఎవరో మొండిగా, ఎన్ని అని అడుగు, ఎన్ని అని అడుగు అంటున్నారు.

"ఎన్ని వచ్చినాయవ్వా?"

"ఎన్నేంది, ఒకటి. దినామూ గంపెడు పంపిస్తాంటివి, ఈ పొద్దు ఒకటే వచ్చె. నీ పనేమన్నా పోయిందేమోనని ఫోను చేస్తాండా, ఎత్తవు."

ఒకటి. 'అవ్వ' అయ్యుంటే ఒకటెందుకు వస్తుంది, షెడ్డులో ఎన్ని గంపలుంటే అన్నీ రావాలి. ఒకటి. "ఎవరి పేరుండాది? చదువు."

"చదివేదేముంది, మన చౌడక్కదే. తన ఫోను తొట్టిలో పడింది కదా, నా నంబరిచ్చింది. పొద్దున ఆటో ఎక్కేటప్పుడే చెప్పిపోయె. బుజ్జమ్మత్తా, ఆ సందడిలో నాకు బుర్ర పనిచేయదు, దినామూ బేరం చేసేది నువ్వే కదా, నువ్వే చూసి కొట్టు అని."

మాధవీలత తలను కిటికీ ఊచలకు ఆనించింది. ఇనుము ఎండకు కాలి ఉంది, ఐనా తీయాలనిపించలేదు. సంత. మిషన్ సంతగానే లేచింది, ఎవరి మెసేజీ వాళ్లకే పోయింది. చౌడక్కది చౌడక్క చెప్పిన నంబరుకు పోయింది. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది, ఎదుటామె చూస్తోందని ఆపుకుంది. అంతలోనే వీపు నిటారైంది.

"అవ్వా, నువ్వేం కొట్టినావు?"

"ఏం కొడతా? రెండు."

"అవ్వా, ఇవి నిజం గూళ్లు. పరీక్షవి కాదు."

"నాకు తెలియదా? నిన్న సాయంత్రం చేత్తో పట్టి చూసినా. గట్టి గూళ్లు, నొక్కితే లొంగవు. ఆ ధరకు ఎట్లిస్తారు?"

వద్దంటే రెండో పాట. రెండో పాటే ఆఖరు, అందులో వచ్చిన ధరకు ఇవ్వాలి, లేదా గంపలు ఇంటికి మోసుకుపోవాలి. ఆ నియమం రాసింది ఆమే, బాగా రాశానని మురిసిపోయింది కూడా. రెండో పాటలో ధర పడిపోయిన గంపలు నోటి పాటల రోజుల్లో ఆమె ఎన్ని చూసిందో. చౌడక్క తన రాతను నమ్మి బేరగాణ్ణి వెనక్కి పంపింది, బుజ్జమ్మను నమ్మి నంబరిచ్చింది. నోటి చివరిదాకా వచ్చింది, నీకెందుకవ్వా ఈ పెత్తనం అని. మింగేసింది. రెండు నెలలుగా ఆ పెత్తనం నేర్పింది ఎవరు? రైలు కూత వేసింది. ఆ చప్పుడులోనే అవతల గుర్రుమని ఏదో వినబడింది.

"ఉండు, ఇంకొకటి వచ్చె. పెట్టేయొద్దు. అద్దాలు యాడ పెడ్తినో... ఆ, ఇవిగో." అవ్వ కూడబలుక్కుంటోంది, పెదాల చప్పుడు వినిపిస్తోంది. ఆమె చదవడం ఇంత నిదానమని మాధవీలతకు ఎప్పుడూ అనిపించలేదు. పెనుకొండ స్టేషను బోర్డు పసుపుపచ్చగా కిటికీ పక్కనుంచి కదిలింది. "ఆ. ఇప్పుడు దారికొచ్చిరి. ఇది కదా మాటంటే. ఒకటి కొడతాండా."

"ఎంత పెరిగిందవ్వా?"

"చౌడక్క గూళ్లు, చౌడక్కకు చెప్తా. నీకెందుకు?" అంది అవ్వ.

మాధవీలత పైకే నవ్వింది. "సరే. రేపటినుంచి నా ఉత్తుత్తి మెసేజీలు నీకు రావు."

"ఎందుకు రావు?"

"నీ నంబరు సంతలోకొచ్చేసింది కదా. దాంతో ఆటలాడగూడదు."

"అట్లనా," అంది అవ్వ. గొంతులో కొంచెం బాధ, దాన్ని మించిన గర్వం. "అయితే పెట్టేయ్. వీధిలో కళావతి కూడా అడుగుతాండె, తన గూళ్లకు నా నంబరిచ్చేదా అని. ఇమ్మని చెప్తా."

ఫోను పెట్టేసేసరికి మనోహర్ మెసేజీ వచ్చి ఉంది, అందరికీ ముట్టినాయి అని, పక్కన రంగయ్య మామ తక్కెడ దగ్గర పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఫోటో. కొండ వెనక్కి పోతోంది. ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది, ధర్మవరం ప్రొఫైల్ చూసుకోవడానికి. చూడలేదు. ముందు 'అవ్వ'ను తెరిచి, అందులో రెండు నెలలుగా ఉన్న నంబరును ఒక్కొక్క అంకే చెరిపి, అక్కడ తన నంబరు కొట్టింది. పైన పేరు మాత్రం మార్చలేదు.